ప్లేటు వోల్టేజీ లెక్క సెలవు రోజున వేయాలి

ముందుగా ఒట్టు

నేను ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. మూడు ఫేజుల మీద ఒట్టు, న్యూట్రల్ మీద ఒట్టు. ఎర్తింగు మీద కూడా వేద్దును కానీ మా వికారాబాద్‌లో ఏ ఇంటికి అది ఉందో ఏ ఇంటికి లేదో ఎవరికీ తెలియదు. లేనిదాని మీద ఒట్టు వేయడం పద్ధతి కాదు.

నా పేరు సత్తయ్య. బడిలో సత్యనారాయణ. ఇలాంటి పేరున్నవాడు అబద్ధమాడితే, నన్ను పేరు పెట్టి పిలిచే ప్రతివాడూ రోజూ అబద్ధమాడినట్టే. అంత పాపం ఊరి నెత్తిన పెట్టను.

వికారాబాద్‌లో మోటార్ వైండింగు షాపు నడిపాను. బోరు మోటార్లు కాలిపోయి వస్తే మాడిన రాగితీగ పీకేసి, కొత్తది చుట్టి, వార్నిష్ పోసి పంపడం పని. మొన్న యాభై నాలుగు నిండగానే షాపును నాతో పనిచేసినవాళ్లకు అప్పజెప్పి బయటికొచ్చాను. “గప్పుడే రిటైరేంది సత్తన్నా, ఎంటిక గూడ నెరవలే” అన్నారు. నిజమే, వెంట్రుక నెరవలేదు. కుడి భుజం నెరిసింది.

మోటార్ల గురించి రాయమంటే ఎవడైనా రాస్తాడు. నేను రాసేది నా షాపులో వెనక గదిలో జరిగిన పని గురించి. హ్యామ్ రేడియో అని ఒక సరదా ఉంది. పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, ఇంట్లో సొంత రేడియో పెట్టుకుని, తీగ కట్టి, ఆకాశం మీదుగా ఊళ్లతోనూ దేశాలతోనూ మాట్లాడుకుంటారు. చేతిలో ఫోనుండగా ఇదెందుకు అని అడగకండి. బస్సుండగా కొండ నడిచి ఎందుకు ఎక్కుతున్నారని అనంతగిరి దారిలో నిలబడి అడిగితే ఏం జవాబొస్తుందో ఇక్కడా అదే వస్తుంది.

ఆ రేడియో గొంతు సన్నగా ఉంటుంది. దాన్ని పెంచే పెట్టె యాంప్లిఫయరు. మా వైపు హ్యాములు దాన్ని ఇంట్లోనే, పాత గాజు వాల్వులతో చేసుకుంటారు. వాల్వుకు వేల వోల్టులు కావాలి. అంత వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు బజార్లో దొరకదు, చుట్టించుకోవాలి. ఈ చుట్టుపక్కల చుట్టే పిచ్చివాణ్ని నేనొక్కణ్నే. ఇప్పుడు కొత్తవాళ్లు ఫోనులో వీడియోలు చూసి ఈ పనిలోకి దిగుతున్నారు. సంతోషం. కాని వీడియోలో కరెంటు ఎప్పుడూ సరిగ్గా రెండొందల ముప్పై వోల్టులుంటుంది. మన దగ్గర అది పొద్దున అత్తగారు, సాయంత్రం కొత్తకోడలు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఉస్తాద్ అడిగే ప్రశ్న

నాకు పని నేర్పింది జబ్బార్ ఉస్తాద్. మోటారు తెచ్చిన రైతును కూర్చోబెట్టి, మోటారు వంక చూడకుండానే అడిగేవాడు.

“ఏ ఊరు?”

“నవాబుపేట దగ్గర, ఉస్తాద్.”

“ట్రాన్స్‌ఫార్మర్ కాడికెల్లి నీ బోరు ఎంత దూరం?”

“మస్తు దూరం. మాదే ఆఖరి పొలం.”

అంతే, ఉస్తాద్ మనసులోనే చుట్లు తగ్గించేసేవాడు. లైను చివర పొలానికి చేరేసరికి కరెంటు నీరసపడిపోతుంది. కంపెనీ లెక్క ప్రకారం చుట్టిన మోటారు ఆ నీరసానికి లేవదు, మూలుగుతుంది. నాలుగు చుట్లు తగ్గించి చుడితే లేచి నీళ్లు పోస్తుంది. పూడూరుకు ఒక లెక్క, నవాబుపేటకు ఒక లెక్క, ఒకే ఊళ్లో తూర్పు పొలానికి ఒకటి, పడమటి పొలానికి ఒకటి. ఈ విద్య ఏ పుస్తకంలోనూ లేదు. మా వైపు వైండింగు షాపులన్నీ దీనిమీదే బతికాయి.

ఒకరోజు మర్పల్లి రైతు ఒకాయన మోటారు భుజాన వేసుకుని తిట్టుకుంటూ వచ్చాడు. మేము చుట్టి ఇచ్చిందే. నల్లగా మాడిపోయింది.

“ఏమైందన్నా?” అన్నాను.

“ఏమైతది? మా పొలం కాడ కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బెట్టిండ్రు. కరెంటు మంచిగైంది. మంచి కరెంటొచ్చిన తెల్లారి మోటరు కాలింది! ఎన్నడన్న ఇన్నవా సత్తయ్యా? పాడు కరెంటుకు ఏండ్లు నడిచింది, మంచి కరెంటుకు ఒక్క పూట నిలవలే!”

ఉస్తాద్ తలెత్తలేదు. “గరీబు పెండ్లికి కుట్టించిన అంగీ అది, పెద్దా. ఒళ్లు పెరిగితే చినుగుతది” అన్నాడు.

ఈ కథ నేను వందమందికి చెప్పి నవ్వించాను. నవ్వించడం వేరు, గుర్తుంచుకోవడం వేరు అని తర్వాత తెలిసింది.

ప్లేటు ఓపిక, పటేల్ తొందర

వాల్వు లోపల గాలి కూడా ఉండదు, శూన్యం. నడుమ ఒక తీగ ఎర్రగా కాలుతూ ఎలక్ట్రాన్లను వదులుతుంది. చుట్టూ ప్లేటు ఉంటుంది. ప్లేటుకు పాజిటివ్ వోల్టేజీ పెడితే ఎలక్ట్రాన్లు దానిమీదికి ఉరుకుతాయి. వోల్టేజీ పెరిగినకొద్దీ దూకుడు పెరుగుతుంది, గొంతు పెరుగుతుంది. హద్దు దాటితే మాత్రం ఆ శూన్యంలోనే మెరుపు పుట్టి వాల్వును తినేస్తుంది. ప్రతి వాల్వుకూ ఆ హద్దు ఇంత అని దాన్ని చేసినవాళ్లు కాగితం మీద రాసిపెట్టారు.

వికారాబాద్ దగ్గర గుట్ట పక్కన పొలమున్న ఒక ఆసామి నా మొదటి హ్యామ్ గిరాకీ. అందరూ పటేల్ అంటారు, నేనూ అదే అంటాను. ఎత్తులో పొలం, పొడుగు స్తంభాలు, ఆ స్తంభాలకన్నా ఎత్తైన అభిప్రాయాలు. పదిహేను వందల వోల్టుల హద్దున్న వాల్వులు రెండు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

“రెండు వేలు ఇయ్యి సత్తయ్యా.”

“పదిహేను వందలే రాసుంది పటేలా.”

“రాసిండ్రంటే దానికి రెండింతలు తట్టుకుంటదని లెక్క. నా బండికి పది బస్తాలే అంటరు. నేను ఇరవై ఏస్త. ఎద్దు సచ్చిందా?”

“ఎద్దు సావలే గని, పోయిన యాడాది ఇరుసు ఇరిగింది గద పటేలా?”

“అది ఇరుసు తప్పు!”

చుట్టి ఇచ్చాను. చిన్నవయసు, పెద్ద గిరాకీ. పొలం దగ్గర యాంప్లిఫయరు పెట్టి మోర్సు, అదే చుక్కలూ గీతలూ కలిపే టెలిగ్రాఫు భాష, కొట్టడం మొదలుపెట్టాడు. పక్కన బర్రెల కొట్టంలో, ఏ తీగా తగిలించని పాత ట్యూబ్‌లైటు ఒకటి గోడకు ఆనించి ఉంది. అది పటేల్ కొట్టినప్పుడల్లా వెలిగింది. గీతకు పొడుగ్గా, చుక్కకు పొట్టిగా. పెద్ద బర్రె ఆ వెలుగు చూస్తూ దానికి సరిగ్గా తోక ఊపింది. నేను ఆ తోకను చదివాను. పటేల్ తన పేరు తనే కొడుతున్నాడు.

ఆయన పేరులో ఆఖరి అక్షరం పూర్తికాకముందే రెండు వాల్వుల్లోనూ నీలంగా మెరిసింది. ట్యూబ్‌లైటు ఆరింది, తోక ఆగింది.

“ఇరుసేనా పటేలా?” అన్నాను.

వారం తర్వాత ఆయన వచ్చి, నాలుగు వేలకు తట్టుకునే పెద్ద వాల్వు తెచ్చి, “దీనికి మూడు వేలే సుట్టు” అన్నాడు. పటేల్‌లో నాకు నచ్చేది అదే. తప్పు ఒప్పుకోడు కాని దిద్దుకుంటాడు. దాంతో ఆయన గొంతు కొండలు దాటింది. ఆదివారం పొద్దున్నే తెలుగు హ్యాములంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలుస్తారు, దాన్ని నెట్ అంటారు. ఆ నెట్‌కు పటేల్ పెద్ద అయిపోయాడు.

కందుల డబ్బా

మరియమ్మ టీచర్ది తాండూరు. బడిలో భౌతికశాస్త్రం చెబుతుంది. బండలు నున్నగా చేసే పాలిషింగు యూనిట్ల నడుమ ఇరుకు వీధిలో ఇల్లు. ఆమె రేడియో చిన్నది. ఆదివారం ఆమె మాట్లాడితే పటేల్‌కు తప్ప ఎవరికీ సరిగా వినపడదు. అలాంటప్పుడు విన్నవాడు మిగతావాళ్లకు అందించాలి, అది రేడియో మర్యాద. పటేల్ అందించేవాడు, తన పద్ధతిలో.

ఒక ఆదివారం నేను పటేల్ గదిలో కూర్చుని ఉన్నాను. రేడియోలో సన్నగా టీచర్ గొంతు. “లైసెన్సు పరీక్షకు తాండూరుల క్లాసులు పెడుతున్న. ఆడోళ్లు రాండ్రి. పైసల్ అక్కర్లేదు. ఓవర్.”

పటేల్ మైకు అందుకున్నాడు. “టీచరమ్మ ఏమంటున్నదంటే, అందరికీ నమస్తే అంటున్నది. వికారాబాద్ సిగ్నల్ మస్తుగున్నదంటున్నది. క్లాసులు పెట్టాలంటున్నది. తాండూరు దూరమైతది గద, గుట్ట కాడ నా ఫారంల పెడదమని నేనంటున్న. అందరు బాగుందన్నరు. ఓవర్.”

అటునుంచి సన్నగా వినిపించింది. “నేను గట్ల అన్ననా?”

పటేల్ మైకులో అన్నాడు: “టీచరమ్మ సరే అంటున్నది.”

ఆ వారంలోనే ఆమె రైలు దిగి నా షాపుకొచ్చింది. చేతిలో స్టీలు డబ్బా, మూత తీస్తే నిండా కందులు. తాండూరు కందులు, ముత్యాల్లా ఉన్నాయి. పప్పుకు తెచ్చిందేమో అనుకున్నాను. ఆమె ఆ కందుల్లో చెయ్యి పెట్టి, జానెడు పొడుగు గాజు వాల్వును పైకి తీసింది. అది చూడగానే నా నోరు పప్పును మరిచిపోయింది. ఎనిమిది పదమూడు నంబరు వాల్వు. ఒక్కటి చాలు, లైసెన్సు ఒప్పుకునే హద్దులోనే మంచి గొంతు ఇస్తుంది.

“ఏడ దొరికింది టీచరమ్మా?”

“హైద్రాబాద్ల పాత సామాన్లల్ల. ఒక్కటే ఉండె. మల్ల దొరకది. పగిలినా కాలినా నా కథ అయిపోయినట్టే.” డబ్బా పక్కన పెట్టింది. “ఇగో సత్తయ్యా, క్లాసులు ఏడ పెట్టాలన్నది వచ్చే ఆదివారం నెట్ల తేలుస్తరట. మా దిక్కు ఆడపిల్లలను ఇండ్లల్లకెల్లి మా వీధి దాక పంపుతరు. పటేల్ గుట్ట కాడికి ఎవలు పంపుతరు? పదకొండు మంది పేర్లిచ్చిండ్రు. ఆడ పెడితే ఒక్కరు రారు.”

“నేను పటేల్‌కు జెప్త టీచరమ్మా.”

ఆమె నన్ను బడిలో ఆఖరి బెంచీని చూసినట్టు చూసింది. “నా మాట చెప్పనీకి ఇప్పటికే ఒకడున్నడు. ఇంకొకడు ఎందుకు? నా గొంతు నాకియ్యి.”

శనివారం భలే ఉంది

తాండూరు వెళ్లి ఆమె ఇంట్లో గోడప్లగ్గులో మీటరు పెట్టాను. నూట ఎనభై. వీధి పొడుగునా పాలిషింగు మిషన్లు గరగరమని బండలను రుద్దుతుంటే, ఆ లైనులో మిగిలింది అంతే. మర్నాడు పొద్దునా మధ్యాహ్నమూ ఫోను చేసి అడిగాను. అప్పుడూ నూట ఎనభైకి కాస్త అటూ ఇటూ.

ఉస్తాద్ శిష్యుణ్ని కదా, ‘ఏ ఊరు’ అని అడిగాను, జవాబు దొరికింది. నూట ఎనభై లోపలికి వెళ్తే పదిహేను వందలు బయటికి వచ్చేలా చుట్టాను. ఇక్కడ కొత్తవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మరు పదిహేను వందలిస్తే ప్లేటుకు వెళ్లేది పదిహేను వందలు కాదు. డయోడ్లు దాటి, కరెంటు దాచే కెపాసిటర్లు నిండేసరికి అది ఇరవై ఒక్క వందలవుతుంది. ప్రతి వెయ్యికీ నాలుగొందలు పైన కలుపుకోండి. ఇది తెలియక పాడైన వాల్వులను పేరిస్తే వికారాబాద్ స్టేషన్ నుంచి గొడంగూడ దాకా వస్తాయి. మా వాల్వు హద్దు రెండు వేల రెండొందల యాభై. ఇరవై ఒక్క వందలంటే బ్రహ్మాండం.

శనివారం మధ్యాహ్నం యాంప్లిఫయరు ఆన్ చేశాం. తీగ ఇంటి దీపంలా వెలిగింది. ప్లేటు మీటరు ఇరవై ఒక్క వందల మీద బుద్ధిమంతుడిలా నిలబడింది. టీచర్ మైకులో “హలో” అంది. గుల్బర్గా నుంచి ఎవరో ఉలిక్కిపడి, “యారు? యారు?” అని కన్నడంలో ఎవరని అడిగాడు. ఆమె మైకు పెట్టేసి చప్పట్లు కొట్టింది. నేను కందిపప్పు భోజనం చేసి, ఉస్తాద్‌ను తలుచుకుని, ప్రపంచంలో నా అంత వైండరు లేడనుకుని రైలెక్కాను.

ఆదివారం

పొద్దున్నే మళ్లీ తాండూరులో దిగాను. ఎనిమిదింటికి నెట్. చేతిలో గంటకు పైగా ఉంది. తీగకు కరెంటిచ్చాను.

టీచర్ తల పక్కకు వాల్చి చూసింది. “సత్తయ్యా, నిన్న గింత తెల్లగ వెలగలే.”

“ఆదివారం గద టీచరమ్మా, అది గూడ తానం జేసి తయారైంది.”

నవ్వుతూ ప్లేటు స్విచ్చు వేశాను. మీటరు ముల్లు ఇరవై ఒక్క వందల దగ్గర ఆగలేదు. రెండు వేల రెండొందల యాభై దాటింది. రెండు వేల తొమ్మిదొందలకు పోయింది. వాల్వు కడుపులో నీలంగా మెరిసింది. ఠప్పుమని ఫ్యూజు పోయింది.

తర్వాత నిశ్శబ్దం. అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, నాకు ఒళ్లంతా చెమట పట్టింది. ఫ్యూజు పోయినందుకు కాదు. ఆ వీధిలో ఎన్నడూ విననిదాన్ని విన్నాను. వీధి మొత్తం నిశ్శబ్దంగా ఉంది. ఎక్కడా ఒక్క బండా అరవడం లేదు.

“టీచరమ్మా, మిషన్లు?”

“ఆదివారం. సెలవు.”

మీటరు గోడప్లగ్గులో పెట్టాను. రెండొందల యాభై. వీధి భారమంతా దిగిపోయేసరికి కరెంటు దుక్కలా లేచి కూర్చుంది. గరీబు అంగీ కుట్టి, పహిల్వాన్‌కు తొడిగాను.

టీచర్ ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “మర్పల్లి రైతు కథ నువ్వే జెప్పినవు గద సత్తయ్యా? నిన్న మా ఇంట్ల పప్పు తినుకుంట జెప్పినవు. పడిపడి నవ్వినవు” అంది.

ఫ్యూజు పోయినంత మాత్రాన కెపాసిటర్లలో ఉన్నది పోదు. స్విచ్చు ఆపినా అవి మనిషిని చంపగలవు. ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, ఎర్తుకు కట్టిన ఇనుప కొక్కెమున్న పొడుగు కర్రతో తాకించి వాటిని ఖాళీ చేశాను. ఈ వాక్యం దగ్గర మాత్రం నేను నవ్వించను. కర్ర లేనివాడు ఈ పనిలోకి రావద్దు. తర్వాత వాల్వును మీటరుతో చూశాను. తీగ తెగలేదు. లోపల ఒకదానికొకటి అంటుకోలేదు. పటేల్ వాల్వులు పోయిన నాటి నుంచి ప్లేటు దారిలో ఒక బలమైన రెసిస్టరు అడ్డం పెట్టడం అలవాటు చేసుకున్నాను. మెరుపు వచ్చినా ప్రవాహం ఉప్పెన కాకుండా అది ఆపుతుంది. పటేల్ ఇరుసు టీచర్ ఎద్దును కాపాడిందన్నమాట.

“బతికే ఉన్నది. గని ఈ వోల్టేజీకి మల్ల పెడితే సస్తది” అన్నాను. “వైండింగ్ మార్చాలంటే రెండు దినాలు.”

“వైండింగ్ మారకుంటే ఏం మారాలె?”

“కరెంటు దిగాలె. నూట తొంభైకి.”

టీచర్ కిటికీలోంచి ఎదురింటి వైపు చూసింది. ఎదురు యూనిట్ ఓనరు శరణప్ప, బనీను మీద, అరుగు మీద కూర్చుని చాయ్‌లో బ్రెడ్డు ముంచుకుంటున్నాడు. ఆమె చెప్పులేసుకోకుండానే రోడ్డు దాటింది. నేను వెనకే పరుగెత్తాను.

“శరణప్పా, మిషన్లు నడుపు.”

“ఏన్రీ టీచర్! సండే మిషన్ యాకె? లేబర్ ఇల్ల.” ఆదివారం మిషనెందుకు, కూలీలు లేరు అని ఆయన కన్నడం.

“నీ బిడ్డ పేరు గూడ క్లాసుల ఉన్నది గద? పటేల్ గుట్టకు పంపుతవా?”

“అయ్యయ్యో, ఎందుకు పంపుత?”

“అయితే మిషన్లు నడుపు.”

శరణప్ప చాయ్ కింద పెట్టి తలగోక్కున్నాడు. ఈ రెంటికీ సంబంధమేంటని అడగలేదు. బిడ్డకు లెక్కలు చెప్పిన టీచరు చెప్పిందంటే ఏదో లెక్క ఉంటుందనుకున్నాడు. వెళ్లి మిషను ఆన్ చేశాడు. నేను పరుగెత్తుకొచ్చి మీటరు చూశాను. రెండొందల నలభై ఏడు.

“ఏం దిగలే!” అని కిటికీలోంచి అరిచాను.

“బండ పెట్టకుంటే మిషన్ కరెంటు తింటదా? ఉత్త గాలి తింటది!” అని అటునుంచి అరిచి, శరణప్ప ఇద్దరు బామ్మర్దులను నిద్రలేపాడు. లుంగీలు ఎగ్గట్టుకుని ముగ్గురూ బండలెత్తారు. నీళ్లు వదిలారు. మిషను గరగరమంది. రెండొందల ముప్పై. రెండో మిషను, రెండొందల పద్నాలుగు. పక్క యూనిట్ ఆయన గేటు తీసుకుని వచ్చాడు. “ఏమన్న పెద్ద ఆర్డరొచ్చిందా శరణప్పా?” అన్నాడు. శరణప్ప చాలా గంభీరంగా “అర్జెంటు ఎక్స్‌పోర్టు” అన్నాడు. పోటీకి నిలబడకపోతే నామోషీ కదా, ఆయన కూడా తన రెండు మిషన్లూ వేసేశాడు. నూట తొంభై ఎనిమిది.

“ఇంకొకటి!” అని టీచర్ కేక. “ఇంకొకటి ఎయ్యండ్రి! ఎనిమిదైతున్నది!”

మూడో యూనిట్ కూడా లేచింది. నూట ఎనభై తొమ్మిది. ఆదివారం పొద్దున తాండూరులో ఒక వీధి వీధంతా, ఎవరికీ అక్కర్లేని బండలను, ఎందుకో తెలియకుండా, ప్రాణం పెట్టి రుద్దుతోంది.

కొత్త ఫ్యూజు పెట్టి ప్లేటు స్విచ్చు వేశాను. ముల్లు లేచింది. ఇరవై ఒకటి. ఇరవై రెండొందలు. అక్కడ ఆగింది. యాభై వోల్టులు మిగిలి ఉన్నాయి. నా ఊపిరి కూడా అంతే మిగిలి ఉంది.

అప్పుడే స్పీకర్లో పటేల్: “క్లాసుల సంగతి తేలుద్దము. తాండూరు టీచరమ్మ ఎట్లాగు వినపడది. ఆమె తరఫున నేనే జెప్తున్న. నా ఫారం అందరికి సమ్మతమేనట…”

టీచర్ మైకు నొక్కింది. వాల్వు వెలిగింది.

“నేను తాండూరు మరియమ్మను. నా తరఫున నేనే జెప్తున్న. క్లాసులు తాండూరుల, మా వీధిల. పదకొండు మంది ఆడోళ్లు పేర్లిచ్చిండ్రు. రావాలనుకున్నోళ్లు ఇంకా రావొచ్చు. ఓవర్.”

తర్వాత హైదరాబాద్ నుంచి ఒకాయన, “ఫైవ్ నైన్, ఫుల్ మార్కులు టీచర్ గారూ! గది ఊగుతోంది!” అన్నాడు. గుల్బర్గా, “కేళిస్తిదె, వినిపిస్తోంది! కాని వెనక ఏదో రాయి అరుగుతోంది” అన్నాడు. ఆమె, “గది మా ఊరు చప్పుడు. అలవాటు చేసుకోండ్రి” అంది.

ఆ తర్వాత పటేల్ గొంతు వచ్చింది, గంభీరంగా: “మిత్రులారా! నేటి నుండి తాండూరు గళానికి దుబాసీ అవసరం లేదు. ఇన్నాళ్లూ ఆమె మాటను నా మాటగా మార్చిన ఈ నోరు నేడు సిగ్గుతో మౌనం వహిస్తోంది. టీచరమ్మా, నన్ను మన్నించండి.” నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొత్తగా దిగేవాళ్లకు

మర్నాడే ఆ ట్రాన్స్‌ఫార్మరు విప్పి, కరెంటు లోపలికి వెళ్లే చుట్టును, అదే ప్రైమరీని, రెండొందల యాభై లెక్కన మళ్లీ చుట్టి, రెండొందల ముప్పైకి, రెండొందల పదికి, నూట ఎనభైకి విడిగా తీగలు బయటికి తీసి, ఒక తిప్పుడు స్విచ్చు పెట్టాను. పక్కన లైను వోల్టేజీ చూపే మీటరు. ముందు మీటరు చూడు, తర్వాత స్విచ్చు తిప్పు, ఆ తర్వాతే ప్లేటు. ఇదంతా మొదటే చేయాల్సిన పని. ఖర్చు కూడా ఎక్కువేం కాదు, కాస్త తీగ, కాస్త వినయం.

ఉస్తాద్ ప్రశ్న తప్పని నేను అనను. మోటారుకు ‘ఏ ఊరు’ చాలు. వాల్వుకు ‘ఏ ఊరు, ఏ వారం’ అని అడగాలి. మోటారు ఎక్కువ వోల్టేజీని కాసేపు ఓర్చి, వేడెక్కి, వాసన వేసి, మనకు చెప్పి చస్తుంది. వాల్వుకు అంత మర్యాద లేదు. అందుకే ప్లేటు వోల్టేజీ లెక్క పని రోజున వేయకండి. వీధిలో మిషన్లన్నీ ఆగిన రోజున, బోర్లన్నీ బందయిన వేళ, మైకు నొక్కకుండా, భారమేమీ లేకుండా మీటరు ఎంత చూపిస్తుందో అదీ లెక్క. అది హద్దు లోపల ఉంటేనే చేయండి. గొంతు చాలకపోతే ఇంకో వాల్వు తెచ్చుకోండి. ఉన్నదాని గొంతు పిసకకండి. హద్దు రాసినవాడు భయస్థుడని పటేల్ అనుకున్నాడు, నా ఊరికి ఆ కాగితం వర్తించదని నేననుకున్నాను. ఇద్దరికీ ఒకే నీలం మెరుపు కనిపించింది.

ఒట్టు తీసి గట్టున పెట్టి

పైన రాసినదాంట్లో ఒక ముక్క కల్పించాను. ఒట్టు వేసినవాడికి ఆపాటి హక్కు ఉంటుంది.

మీరు అనుకున్నది మాత్రం కాదు. ట్యూబ్‌లైటు తీగ లేకుండా వెలగడం నిజం, ఏ హ్యామునైనా అడగండి. బర్రె తోక ఊపడం నిజం. దానికి మోర్సు వచ్చా, ఈగలు వచ్చాయా అన్నది బర్రెనే అడగాలి. వీధంతా లేచి బండలు రుద్దడం అక్షరాలా నిజం. ఆ పొద్దున అవసరం లేకుండా నున్నబడ్డ బండలను శరణప్ప ఏం చేయాలో తెలియక, టీచర్ ఇంటి ముందు గదిలో పరిపించాడు. క్లాసు వాటిమీదే నడుస్తోంది. మొదటి వరసలో ఆయన బిడ్డ కూర్చుంటుంది.

కల్పించింది పటేల్ క్షమాపణ. ఆయన నోట పుస్తకం తెలుగు వచ్చినప్పుడే మీకు అనుమానం రావాల్సింది. ఆయన అలా అని ఉంటే బాగుండేదని నేను చాలాకాలం అనుకుని, అనుకుని, చివరికి రాసేశాను.

నిజంగా జరిగింది ఇది. టీచర్ మాట గది గదికీ మోగింది. హైదరాబాద్ విన్నాడు, గుల్బర్గా విన్నాడు. అందరూ విన్నామన్నారు. పటేల్ అలవాటు కొద్దీ మైకు నొక్కి, గొంతు సవరించుకుని అన్నాడు:

“టీచరమ్మ ఏమంటున్నదంటే…”

ఆయన వాక్యం మీదే, బండల గరగరతో సహా, తాండూరు దిగింది:

“పటేలా! నేను ఈడనే ఉన్న. జర ఊకో!”

పటేల్ ఊరుకున్నాడు.